చిన్నాయన కట్టు

మొన్న మిర్యాలగూడ బస్సులో వెనక సీట్లో ఎవరిదో ఫోను గట్టిగా క్రికెట్ వార్తలు చదువుతోంది. ఫలానా ఆటగాడికి ఇంజురీ అట. ఆ మాట వింటే నాకిప్పటికీ చిన్నాయన చేయి గుర్తొస్తుంది.

సూర్యాపేట గ్రంథాలయంలో లావుపాటి ఇంగ్లిష్ నిఘంటువు ముందేసుకుని కూర్చునే పిచ్చి నాకు పడుచుతనంలోనే ఉండేది. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న చదువు కదా, దొరికిన ప్రతి మాటనూ గర్వంగా ఇంటికి మోసుకొచ్చేవాణ్ని. ఇంజురీ లాటిన్ నుంచి వచ్చిందనీ, మొదట దాని అర్థం ‘న్యాయం కానిది’ అనీ, ఒంటికి తగిలిన దెబ్బ అనే అర్థం తర్వాత చేరిందనీ చదివింది చిన్నాయన చేయి విరిగిన రోజుల్లోనే. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తా జారి ఆయన చేతి మీద పడింది. కోదాడ దగ్గర ఎముకలు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టి, తాను చూసేదాకా విప్పొద్దన్నాడు.

విప్పొద్దన్నాడు గానీ బిగించొద్దనలేదు. మా వాళ్లకు పలకరింపు అంటే ఊరికే కూర్చుని పోవడం కాదు. వచ్చిన ప్రతి చుట్టమూ ముడి పట్టి చూసి, జర వదులైందని ఇంకాస్త లాగి, చాయ తాగి పోయేవాడు. మేనత్త అయితే తన పాత చీర చింపి పైన మరో చుట్టు చుట్టింది. నేను పక్కన కూర్చుని, ప్రతి దెబ్బ వెనకా అన్యాయం చేసినవాడు ఒకడుంటాడని లాటిన్ వివరిస్తున్నాను.

"ఆ ముచ్చట తర్వాత జెప్పు కొడుకా. ఈ వేళ్లు నావేనా జర సూడు," అన్నాడు చిన్నాయన.

నల్లబడి ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. గిల్లాను. గిల్లినట్టు తెలియక ఆయన నా ముఖం వైపే చూస్తున్నాడు. విప్పితే ఎముక వంకరైతదని మేనత్త మంచానికి అడ్డం నిలబడింది. చిన్నమ్మ కత్తెర తెచ్చింది.

"వంకరదైనా సరే వదినా, చెయ్యైతే ఉండాలె," అంది.

చుట్టు తర్వాత చుట్టు ఊడింది. అన్నీ ప్రేమతో చుట్టినవే. అన్యాయం చేసినవాడెవడని వెతికితే నాకు ఒక్క ముఖమూ దొరకలేదు. అందరం ఆ వేళ్ల మీదికి వంగి చూస్తున్నాం. చాలాసేపటికి బొటనవేలి గోటి కింద రవ్వంత ఎరుపు కనబడింది. వెంటనే దవాఖానకు తీసుకుపోయాం. చిటికెన వేలు పోయింది, చేయి దక్కింది.

ఆ తర్వాత ఏళ్లకు ఏళ్లే తెలియకుండా గడిచిపోయాయి. ఆ ఎరుపు కోసం ఎదురుచూసిన కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.