గోడలోంచి సాగిన ఫిలిం

మొన్న జగిత్యాలలో మా మనవరాలు మా ఇద్దరినీ కొత్త సినిమా హాలుకు తీసుకుపోయింది. ఒక్క కంప్యూటరులోంచే అక్కడ ఒకే కప్పు కింద ఉన్న హాళ్లన్నింటికీ బొమ్మ పోతుందట, మిషన్ దగ్గర మనిషే ఉండనక్కరలేదట. ఆ మాట విని మా ఆయన వెనక గోడలో, తెర మీదికి వెలుతురు వచ్చే చిన్న కిటికీ వైపు చాలాసేపు చూశాడు. నేను మాత్రం తలెత్తలేకపోయాను.

మా ఆయన ఒకప్పుడు కోరుట్లలో సినిమా ఆపరేటరు. గోడకు గోడ ఆనుకున్న రెండు హాళ్లు, రెండింటికీ ఒకే యజమాని. మన కాలంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, జనం విరగబడే సినిమా వచ్చినా ఊరికి దొరికేది ఒక్క పెట్టె ప్రింటే. దాన్నే రెండు హాళ్లలో ఒకేసారి ఆడిస్తానని మా ఆయన మాట ఇచ్చేశాడు. రెండు మిషన్ గదుల నడిమి గోడకు కంత పెట్టి, మొదటి మిషన్‌లోంచి వచ్చిన ఫిలిం చిన్న చిన్న చక్రాల మీదుగా ఆ కంతలోంచి సాగి రెండో మిషన్‌లోకి ఎక్కేటట్టు అమర్చాడు. ఇక్కడి బొమ్మ అర నిమిషానికి పక్క హాల్లో పడుతుందన్నమాట.

నేను సిరిసిల్ల నేతవాళ్ల ఇంటి పిల్లను. చదివింది మూడో తరగతే కానీ, దారం ఎక్కడ వదులైతే ఎక్కడ తెగుతుందో నాకు బాగా తెలుసు. ఆటకు ముందురోజు పాత ఫిలింతో ఆడించి చూస్తుంటే నేనూ పోయాను. రెండు మిషన్లు సరిగ్గా ఒకే వేగంతో తిరగవు కదా, నడుమ ఫిలిం మెల్లగా వదులవుతోంది.

"నడుమ ఇంత బరువు యాలాడగట్టరాదు? మా ఇంట్ల నూలుకు గట్లనే కడ్తం," అన్నాను.

"గిది మీ అయ్య మగ్గమనుకున్నవానే? సినిమా!" అన్నాడు మా ఆయన.

రెండో మిషన్ చూసేది మా ఆయన స్నేహితుడే, అతను ఊరుకున్నాడా, "భాభీ, రేపు ఇంటర్వెల్ కల్లా చీరె గూడ దిగుతదా?" అన్నాడు. యజమానితో సహా అందరూ పగలబడి నవ్వారు.

మర్నాడు పొద్దుటి ఆటకు సద్ది పట్టుకుపోయాను. మా ఆయన అటు తిరిగి మిషన్ లోపల బొమ్మకు వెలుతురిచ్చే కార్బన్ కడ్డీల మంటను సరిచేసుకుంటున్నాడు. ఆయన వెనుక ఫిలిం జారి జారి నేల మీద కుప్ప పడుతోంది. ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ నవ్వులు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. సద్ది అక్కడ పెట్టి, నోరు మెదపకుండా మెట్లు దిగి వచ్చేశాను.

వీధి మలుపు తిరగకముందే రెండు హాళ్లలోంచీ ఈలలు, అరుపులు. కుప్ప పడ్డ ఫిలిం చిక్కుపడి కంతలో ఇరుక్కుని బారలకు బారలు చిరిగిపోయిందట. ప్రింటుతో వచ్చిన మనిషి పెట్టె సర్దుకుని పోయాడు, యజమాని మా ఆయనను మళ్లీ ఆ మెట్లెక్కనివ్వలేదు. కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఉండే తన మేనబావ వీసా ఇప్పిస్తే దుబాయికి పోయి, ఫిలింను అంచుల దగ్గర తప్ప పట్టుకోని ఆ చేతులతో పదకొండేళ్లు ఇటుకలు మోశాడు.

తిరిగి వచ్చాక చెబుదామనుకున్నాను, బిడ్డ పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను. మా మనవరాలైతే మొగుడు తప్పు చేయబోతే నలుగురిలోనే అనేస్తుంది, అతను నవ్వి దిద్దుకుంటాడు. అలిగితే మూతి బిగించుకోవడం తప్ప మాకు ఇంకోటి తెలియదు.

మొన్న ఆట అయ్యాక బయటికి వస్తూ మా ఆయన ఆ పిల్లతో అన్నాడు: "ఆ దినం నా సూపు తప్పింది బిడ్డా. ఒక్కపారి ఎన్కకు మర్లి సూసుకుంటే అయిపోతుండె."

ఇన్నేళ్లుగా ఆయన తన చూపునే తిట్టుకుంటున్నాడు. నా చూపు మాత్రం ఆ రోజు తప్పలేదు.