అమ్మేసిన బర్రెల లెక్క

2012 జూన్‌లో నన్ను పాడిపశువుల అధ్యయనానికి గణాంకాధికారిగా వేశారు. కాపురం అల్వాల్‌లో, పని మేడ్చల్, షామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో. ఈనిన బర్రె మళ్లీ చూడి కట్టడానికి ఎన్నాళ్లు పడుతుందో తేల్చాలి.

ఇలాంటి లెక్కలో ఒక చిక్కుంది. కొన్ని బర్రెలు కట్టకముందే అమ్ముడుపోతాయి. వాటిని లెక్కలోంచి పారేయకూడదు. చూసినన్ని రోజులూ లెక్కలో ఉంచి, ఆపైన వదిలేస్తాం. ఉండి ఉంటే అవీ మిగతావాటిలాగే కట్టేవని అనుకుంటాం. ఉద్యోగమంతా అదే చేశాను. చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా ఉండేది.

రెండేళ్ల వివరాలతో, ఈనాక ఎన్ని రోజులకు నూటికి ఎన్ని బర్రెలు కట్టాయో చూపే గీత గీస్తే, ఏడాది దాటాక కూడా అది పైకే పోయింది. ఓపిక పడితే చాలా బర్రెలు కడతాయన్నమాట. 'తొందరపడి అమ్మకండి' అని రైతులకు కరపత్రం రాసిచ్చాను. డైరెక్టరుగారు మెచ్చుకున్నారు.

ఆ ధీమాతోనే అలియాబాద్‌లో, మా రిజిస్టరులో ఉన్న ఖాజాబీ అనే ఆమె ఇంటికి వెళ్లాను. ఆమెకున్నది ఒక్క బర్రె. ఈని ఏడాదిన్నరైంది, వట్టిపోయింది, మళ్లీ కట్టలేదు. గడ్డి కొని మేపుతోంది. ఉంచాలా, అమ్మాలా అని అడిగితే ఉంచమన్నాను.

"మరి అమ్మిన బర్రెలను నీ లెక్కల ఏం జేసినవ్ సార్?" అంది. వదిలేశామన్నాను.

"కట్టే బర్రెను ఎవలన్న అమ్ముతరా? కట్టకపోతెనే గద అంగడికి తోలేది!"

తల కొట్టేసినట్టయింది. కట్టనివాటిని జనం ఏరి అమ్మేస్తుంటే, మిగిలిన మంచివాటిని చూసి నేను మురిసిపోతున్నాను. తేల్చి చెప్తాను, అప్పటిదాకా ఆగమ్మా అన్నాను. ఆమె ఆగింది.

పశువైద్య సహాయకుడు యాదగిరితో కలిసి, బర్రెను అమ్మిన ప్రతి ఇంటికీ తిరిగాను. రిజిస్టరులో 'అమ్మారు' అని తప్ప కారణం లేదు. కారణం రాయడానికి గడి పెట్టనిది నేనే. గౌడవెల్లిలో ఒకాయన ఇల్లు కట్టుకోవడానికి అమ్మానన్నాడు. దాదాపు మిగతా అందరిదీ ఖాజాబీ మాటే. ఇంటి కోసం అమ్మినదాన్ని పాత పద్ధతిలోనే వదిలి, కట్టలేదని అమ్మినవాటిని 'ఆ ఇంట్లో ఇక కట్టనివి'గా చివరిదాకా లెక్కలో ఉంచాను. ఏడాది దాటాక గీత పైకి లేవనే లేదు.

కరపత్రం అచ్చు మొదలైంది, ఆపలేమన్నారు డైరెక్టరుగారు. అందులో రాసింది తప్పని రాతపూర్వకంగా ఇచ్చి, రెండు గీతలూ ఆయన బల్ల మీద పెట్టి అక్కడే కూర్చున్నాను. వెళ్లమన్నారు, కదల్లేదు. మధ్యాహ్నానికి అచ్చు ఆపమని ప్రెస్సుకి ఫోన్ చేశారు.

ఇక బర్రెను అమ్మేయమని ఖాజాబీకి నేనే వెళ్లి చెప్పాను. సిగ్గేసింది.

"నాకు ఎర్కనే సార్. సర్కారు సార్ చెప్పిండు గదా అని ఆగిన. రెండు నెలల గడ్డి పాయె."

ఆ వారమే బర్రెను అంగడికి తోలింది. రిజిస్టరులో 'అమ్మారు' అని రాసి, పక్కన కొత్తగా గీసిన గడిలో 'కట్టలేదు' అని రాశాను. లెక్కలోంచి ఎవరు తప్పుకున్నా, ఎన్నాళ్లున్నారన్నది ఒక్కటే చాలదు. ఎందుకు పోయారో అడగకుండా గీత గీయకూడదు.