బొమ్మల పుస్తకంలో లేని బాపు

కోరుట్లలో నేను చదువు చెప్పిన ప్రాథమిక బడిలో పిల్లలకు రాజుల గురించీ కోటల గురించీ బాగానే తెలుసు. తమ తాతలు ఏం పని చేశారో, ఎక్కడికి వలస పోయారో మాత్రం తెలియదు. అది పాఠాల్లో లేదు, ఇళ్లలో ఎవరూ చెప్పలేదు. నాది సిరిసిల్ల. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, మరమగ్గాల పనికి బొంబాయి దగ్గరి భివండి పోయి, నా చిన్నతనమంతా అక్కడే ఉన్నాడు. ఆ సంగతినే చిన్న బొమ్మల పుస్తకంగా రాశాను. జగిత్యాలలో ఒక డ్రాయింగ్ మాస్టారు బొమ్మలు వేసిచ్చారు. జిరాక్స్ తీయించి శనివారాలు పిల్లలకిచ్చి, ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించమనేదాన్ని.

చాలా వారాలు ఏమీ జరగలేదు. ఒక సోమవారం, ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప లేచి నిలబడింది. "మేడం, మా తాత గూడ బొంబాయి పోయిండట. గోదాంల మూటలు మోసిండట. నానమ్మ చెప్పింది" అంది. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. పాప తల్లి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. నానమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పాప మళ్లీ పుస్తకం చదువుతుంటే, ముసలామె ఒక్కో బొమ్మ దగ్గరా ఆపి మాట్లాడింది. రైల్లో నిలబడే పోవడం, ఒకే గదిలో వంతుల వారీగా పడుకోవడం. అన్నీ ఆమె భర్త చెప్పినవే.

"గిన్నేండ్లల్ల నాకెన్నడు చెప్పలేదేందత్తా?" అంది కోడలు.

"ఎవలడిగిండ్రు బిడ్డా?"

పుస్తకం చివర తండ్రి ఇంటికొస్తాడు. మా బాపు వచ్చాడు కాబట్టి అలాగే రాశాను. పాప చదవడం ఆపగానే తల్లి చేతిలోని ఆకు చాటలో పెట్టేసింది.

"మేడం, వలస పోయినోళ్ల ముచ్చట్లన్ని మీకెరుకేనాయె. మా ఆయన దుబాయి పోయిండు. ఫోన్ బంద్ అయింది. ఎట్ల తోల్కరావాలె?"

నాకు తెలియదన్నాను. ఆమె నమ్మలేదు. "పుస్తకం రాసినోళ్లకే తెల్వకపోతే మాకెట్ల తెలుస్తది?"

కాదనలేక ఆమెతో జగిత్యాల వెళ్లాను. పాప బస్సులో మా మధ్య కూర్చుని, దారిలో కనిపించిన బోర్డులన్నీ పైకి చదివింది. కలెక్టర్ ఆఫీసులో అతని పాస్‌పోర్టు జిరాక్స్ ఉందా, కంపెనీ పేరు తెలుసా అని అడిగారు. రెండూ లేవు. అయినా అర్జీ తీసుకుని, "పైకి పంపుతం, సూద్దాం" అన్నారు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే మాట.

కొన్నాళ్లకు ఆమె గాభరాగా బడికి వచ్చింది. భర్త ఎవరి ఫోన్ నుంచో మాట్లాడాడట. యజమాని పాస్‌పోర్టు గుంజుకుంటే పారిపోయి, చాటుమాటుగా కూలి చేసుకుంటున్నాడట.

"ఆఫీసులకు తిరుగకుండ్రి, నా పేరు బయటపడితే దుబాయి పోలీసోళ్లు పట్టుకపోతరు అంటుండు మేడం. గా కాయితం వాపసు తీస్కోవచ్చా?"

ఈసారి నేనొక్కదాన్నే వెళ్లి అడిగాను. కాగితం పైకి వెళ్లిపోయింది, ఇక తమ చేతిలో లేదన్నారు. దానివల్ల అతనికి మేలు జరిగిందో కీడు జరిగిందో తెలుసుకునే దారి కూడా లేకపోయింది. ఆ తర్వాత అతని నుంచి ఫోన్ రాలేదు.

ఎండాకాలం సెలవులకు ముందు పాప టీసీ కోసం ఆమె వచ్చింది. సిరిసిల్లలో బట్టలు కుట్టే పని దొరికిందట. అత్తనూ తీసుకుని ముగ్గురూ వెళ్లిపోతున్నారు. ఒకప్పుడు మా బాపు బతకలేక వదిలిపెట్టిన ఊరికి ఆమె బతుకుదామని పోతోంది. ఇల్లు దొరికిందా అని మాత్రం అడిగాను.

పాప నా చెయ్యి పట్టుకుంది. "మేడం, కొత్త బల్లె గూడ మా తాత ముచ్చట చెప్పొచ్చా?"

"చెప్పు బిడ్డా, అందరికీ చెప్పు."

"మరి బాపు ముచ్చట?"

తల్లి నా ముఖం వైపు చూసింది. చెప్పమని అనలేకపోయాను. చెప్పొద్దని కూడా అనలేకపోయాను. టీసీ మీద సంతకం అయిందో లేదో చూసొస్తానని హెడ్మాస్టరు గదిలోకి వెళ్లాను.