నా జబ్బకు కట్టుకున్న ఇమామ్ జామిన్

ఆ పొద్దున మా గౌలిపుర ఇంటి డాబా ఎన్నిసార్లు ఎక్కి దిగిన్నో చెప్పలేను. విమానదళంలో శిక్షణ తీసుకుంటున్న మా బిడ్డ, నేర్పే సారు పక్కన లేకుండా మొదటిసారి ఒంటరిగా విమానం నడిపే రోజది. దిగంగనే ఫోన్ చేస్తనన్నది.

నా చిన్నప్పుడు ఆ దళంలో ఆడవాళ్ళంటే డాక్టర్లు, నర్సులే. తర్వాత సామాన్లు మోసే విమానాలు, హెలికాప్టర్లు వాళ్ళ చేతికొచ్చినయి. మొన్నమొన్న యుద్ధవిమానాలు కూడా. చరిత్ర అంత పైకి పోతుంటే నేను మాత్రం మెట్ల మీదనే తిరుగుతున్న.

నాకు అక్క లెక్కనుండే పక్కింటి ఆపా, మా బిడ్డ కోసం ఇమామ్ జామిన్ కుట్టిచ్చింది. గుడ్డలో నాణెం పెట్టి, ప్రయాణం పోయేవాళ్ళ జబ్బకు కడతరు. క్షేమంగా చేరినంక విప్పి, ఆ నాణెం బీదలకిస్తరు.

"యూనిఫాం మీద ఇవి కట్టనియ్యరమ్మా, నువ్వే కట్టుకో" అని బిడ్డ నాకిచ్చి పోయింది. కట్టుకున్న. విమానం మొహం ఎరగనిదాన్ని, డాబా ఎక్కడానికి అంత బందోబస్తు!

ఆపా గోడ మీంచి తొంగి చూసింది. "ఏందమ్మా, ఎగిరేది బిడ్డనా, నువ్వా?"

"నేనే ఆపా. ఇంకా దిగలె."

అప్పుడు ఫోన్ మోగింది. "దిగిన అమ్మా! మస్తుగ దిగిన. రేపు మళ్ళ ఎగరాలె."

ఒంటిచేత్తో నాకు ముడి రాకపోతే ఆపానే విప్పింది. గల్లీ మూలన కూర్చునే ముసలామెకు నాణెం ఇచ్చి, ఇంటికి పోకుండ నేరుగా ఆపా గడపలోకి పోయిన.

"ఆపా, ఇంకొకటి కుట్టవా?"