బల్ల కింద పద్నాలుగు

పోయిన శుక్రవారం పొద్దున్నే రాయచోటి నుంచి చిచ్చా కోడలు ఫోన్ చేసింది. "మామ పోయినాడన్నా. సాయంత్రం అసర్ నమాజు అయినాక మట్టి" అంది. కడప నుంచి రాయచోటి ఎంత దూరమని? బస్సెక్కితే రెండు గంటలు కూడా పట్టదు. ఆయన మంచాన పడ్డాడని తెలిసినప్పటి నుంచి ఏడాదిగా రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అని రోజులు నెట్టినవాణ్ణి, ఆ రోజు మాత్రం టిఫిన్ కూడా చేయకుండా బస్టాండుకు పరుగెత్తాను. సిగ్గుపడాల్సిన సంగతే.

చిచ్చా నాకు చుట్టం కాదు. కువైట్‌లో మా గ్యాంగుకు ఫోర్‌మన్. ప్రభుత్వ కార్యాలయాలను ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి మార్చడం మా పని. వట్టి మోత పని అనుకునేవాణ్ణి. ఆయన దగ్గర చేరాకే దానికెంత బుర్ర కావాలో తెలిసింది.

కొత్త గదిలో అడుగుపెట్టగానే చిచ్చా ముందు వాకిలి కొలిచేవాడు. తర్వాత సుద్దముక్కతో నేల మీద ఒక్కో బల్లకు ఒక్కో చదరం గీసి, లోపల నంబరు వేసేవాడు. ఎవరి బల్ల ఎక్కడ వేయాలో పెద్ద అధికారిని అడిగేవాడు కాదు. టీ ఇచ్చే అతన్ని పిలిచి, ఎవరు ఎవరితో కలిసి టీ తాగుతారు, ఎవరికి ఎవరితో పడదు అని ఆరా తీసేవాడు. "మేజాబల్ల గాడిదైనా మోస్తాది రా. మనిషికి నొప్పి లేకుండా మార్చాల, అదీ పని" అనేవాడు. సొరుగులు ఖాళీ చేయనిచ్చేవాడు కాదు. తాడుతో కట్టించి, ఉన్నవి ఉన్నట్టే మోయించేవాడు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. నేల మీద వేసిన నంబరే బల్లకూ రాయాలి, అదీ పైన కాదు, అడుగున. పైన రాస్తే ఎవడో తుడిచేస్తాడంటాడు. అందుకోసం మెకానిక్కు కారు కింద దూరినట్టు వెల్లకిలా పడుకుని దూరాలి. నాకది ముసలి చాదస్తం అనిపించేది.

తొంభైలో, ఆగస్టు మొదట్లో మిర్కాబ్‌లోని ఒక కార్యాలయంలో పని. మూడో అంతస్తులోని సెక్షన్‌ను కిందికి దించాలి. నలభై ఇనుప బల్లలు, అన్నీ ఒకే అచ్చు. మాకు వీసా ఇచ్చిన యజమాని, అదే మా కఫీల్, తరఫున కాగితాలు చూసే మనిషి అక్కడే ఒక బల్ల వాడుకునేవాడు. చిచ్చా లెక్కలో అది పద్నాలుగో నంబరు. అక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా రెన్యువల్ కోసం తీసుకున్న మా పదకొండుమంది పాస్‌పోర్టులు దాని సొరుగులోనే ఉన్నాయి. నంబర్లు రాసే పని నాది. బుధవారం సాయంత్రం నడుం నొప్పిగా ఉందని అన్నిటికీ పైనే రాసేసి, "ఖలాస్ చిచ్చా, అయిపోయింది" అని గదికి వెళ్ళిపోయాను.

గురువారం తెల్లారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్ళో ఉంది.

రెండు వారాలు దజీజ్‌లోని మా గోడౌన్‌లో బియ్యం, ఉల్లిగడ్డలతో తలదాచుకున్నాం. మనవాళ్ళు బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు పోతున్నారని తెలిసింది. పాస్‌పోర్టు లేకుండా సరిహద్దు దాటేదెట్లా? కఫీల్ జాడ లేదు. చిచ్చా ఒకసారి వెళ్ళి చూసొచ్చాడు. సైనికులు ఆ భవనంలో కాపురం పెట్టారట. బల్లలన్నీ బేస్‌మెంట్‌లోకి విసిరేశారట. అన్నీ ఒకే అచ్చు బల్లలు, పైన సుద్ద రాత. నా సోమరితనం వల్ల పదిమంది ఇంటి ముఖం చూడకుండా పోతారేమోనని చివరికి ఆయన దగ్గరికే పోయాను.

"చిచ్చా, నంబర్లు పైన రాసినా" అని ఏడ్చేశాను.

"నాకు తెలుసు లే. టేపు తీసుకో, పోదాం పా" అన్నాడు.

ఆ భవనంలోని ఇరాకీ అధికారితో ఆయన అరబ్బీలో, మేము ఆఫీసులు సర్దేవాళ్ళం, మీ గది కూడా సర్ది ఇస్తాం అన్నాడు. అతను నవ్వి సరేనన్నాడు. చిచ్చా తీరిగ్గా ఆ గది వాకిలి కొలిచాడు. టేపు రెండో కొస పట్టుకుని నేను తుపాకుల వైపు చూస్తుంటే, "గట్టిగా పట్టుకోరా, కొలత తప్పుతాది" అని కసిరాడు కూడా. బల్ల ఎంచుకొస్తామని బేస్‌మెంట్‌కు దిగాం. బల్లల మీద బూట్ల మరకలు, దుమ్ము. నేను రాసిన అంకె ఒక్కటీ మిగల్లేదు. చిచ్చా వెల్లకిలా పడుకుని ఒక్కో బల్ల కిందా దూరాడు. ఏడోదో ఎనిమిదోదో, "ఇట్ల రా" అన్నాడు. నేనూ దూరి టార్చి వేసి చూశాను. పద్నాలుగు. అది ఆయన చేతిరాత. నేను వెళ్ళిపోయాక, ఆ బుధవారం సాయంత్రమే, నన్ను ఒక్క మాట అనకుండా ఆ పెద్దాయన నలభై బల్లల కింద దూరి మళ్ళీ రాశాడన్నమాట.

సొరుగుకు కట్టిన తాడు అలాగే ఉంది. పాస్‌పోర్టుల కట్ట పనిముట్ల సంచి అడుగుకు చేరింది. నేను మెట్ల వైపు అడుగేస్తే, "యాడికి? ఒప్పుకున్న పని ఉండాది గదా" అన్నాడు. ఆ గది పూర్తిగా సర్దాం. అధికారి ముఖాన ఎండ కొడుతుందని కుర్చీ తిప్పి వేయించాడు కూడా. అతను టీ ఇప్పించాడు. తాగే వచ్చాం.

నా సంగతి మిగతావాళ్ళకు ఆయన ఏనాడూ చెప్పలేదు. ఎవరూ లేనప్పుడు మాత్రం "ఏమప్పా పద్నాలుగూ" అని పిలిచేవాడు. సరిహద్దు దాటాక జోర్డాన్ ఎడారిలో మనవాళ్ళకు డేరాలు వేసేటప్పుడు సుద్ద లేకపోతే, చెప్పు మడమతో ఇసుకలో గీతలు గీసి, ఆడవాళ్ళ డేరాలు నీళ్ళకు దగ్గరగా వేయించాడు. యుద్ధం ముగిశాక ఇద్దరం తిరిగి వెళ్ళాం. అదే భవనం, అవే గదులు. మళ్ళీ ముందు వాకిలి కొలిచాడు. ఆయన కింద ఇంకో పదకొండేళ్ళు పనిచేశాను. బల్ల పైన ఒక్క అంకె రాస్తే ఒట్టు. నా బతుకులో హాయిగా గడిచిన ఏళ్ళు అవే.

శుక్రవారం నేనూ భుజం పట్టాను. మట్టి ఇచ్చి వచ్చాక ముందు గదిలోకి వెళ్ళాను. ఆయన మంచం బయట వేసేశారు. నేల మీద దాని కొలతకు సుద్ద గీత ఉంది. గోడవారన కాదు, వాకిలికి నేరుగా.

"పోయిన నెల నాతో గీయించినాడన్నా" అంది కోడలు. "ముందు వాకిలి కొలిపించినాడు. తనను మోసుకుపోయే డోలా యాడా తగలకుండా నేరుగా పోవాలంట."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ గీత పక్కనే ఇంకో చిన్న చదరం కనిపించింది. లోపల వంకరటింకరగా పద్నాలుగు అని అంకె.

"అది నీ జాగానే అన్నా. కడప నుంచి పద్నాలుగు వస్తాడు, కుర్చీ ఆడ వెయ్యండి అన్నాడు. ఏ పొద్దూ నన్ను ఆడ ఊడ్చనీలేదు."

మూలనున్న కుర్చీ తెచ్చుకున్నాను. నాలుగు కాళ్ళూ సరిగ్గా గీత మీద పడేలా సర్ది, అందులో కూర్చున్నాను.