కాలర్ ఉంటే షర్టు, లేకుంటే బనియన్

దమ్మపేటలో ఫజిలత్ ఆపా కుట్టిన జాకెట్టు తొడగని ఆడవాళ్లు తక్కువ. అయినా ఆమెను ఎవరూ టైలర్ అనరు. టైలర్ అంటే బస్టాండు దగ్గర దుకాణం పెట్టుకున్న మగవాడు. ఆపా ఉత్త ‘బట్టలు కుట్టే ఆమె’. ఏడో తరగతితో నా బడి ఆగిపోయాక ఆమె దగ్గర కాజాలు కుడుతూ కూర్చునేదాన్ని. నేను మాట్లాడను కనుక నేనున్నానని ఎవరూ గుర్తుంచుకోరు. అందుకే అన్నీ కనిపిస్తాయి.

ఎనభై తొమ్మిదిలో తండా పిల్ల పూలి ఆపా దగ్గరికి వచ్చింది. హాస్టల్లో ఉండి తొమ్మిది చదువుతోంది. అంతకు ముందు ఏడాది భద్రాచలం పరుగు పందెంలో అందరికంటే ముందుండగా చంక దగ్గర జాకెట్టు పిగిలింది. చేత్తో అదిమి పట్టుకుని పరుగెత్తి నాలుగోది అయింది. జనం నవ్వారట. ఈసారి పిగలనిది కావాలంది.

ఆపా ఖమ్మం నుంచి నీలం రంగు బనియన్ గుడ్డ తెప్పించింది. ఆమెకు ఉర్దూ తప్ప చదవడం రాదు. వారపత్రికలో అచ్చయిన కటింగ్ బొమ్మ కొలతలను నాతో చదివించుకుని పాత పేపరు మీద పెద్దదిగా గీసింది. గుడ్డను తడిపి ఆరేశాక, సాగే వైపు ఛాతీకి అడ్డంగా వచ్చేట్టు కాగితం పరిచి కత్తిరించింది. మిషన్ మీద గుడ్డను కాస్త సాగదీస్తూ కుట్టింది.

“గుడ్డ సాగి దారం సాగకుంటే పటుక్కున తెగుతది బేటా,” అంది.

పూలి తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తింది. చాలాసేపు దించలేదు.

మర్నాడే ఏడుపు ముఖంతో తిరిగొచ్చింది. వెనకే డ్రిల్లు సారు బొజ్జయ్య.

“బనియనేసుకొని ఆడపిల్ల ఉరుకుతదా? కాలర్ ఉంటే షర్టు. లేకుంటే లిస్టుల పేరు కొట్టేస్త.”

ఈ సారు రోజూ పొద్దున్నే లుంగీ, చిల్లుల బనియన్‌తో హోటల్ బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతాడు. ఆ బల్ల ముందు నుంచే ఆడపిల్లలు బడికి పోతుంటారు. ఆయన పేరు ఏ లిస్టులోనూ ఎవరూ కొట్టెయ్యలేదు. ఇదే గుడ్డ హాస్టల్ మగపిల్లలు తొడిగితే టీషర్టు. పూలి ఒంటి మీదికి రాగానే బనియన్. నాకు ఒళ్లు మండిపోయింది. సారు పోయాక అదంతా ఆపాతో చెప్పాను. అంత మాట్లాడటం నాకదే మొదలు.

ఆపా తెల్ల పాప్లిన్ ముక్కతో కాలర్ కత్తిరించి, సూది నా చేతికిచ్చింది.

“కచ్చా కుట్టు ఎయ్యి. దూరం దూరం. కొసకు ముడెయ్యకు.”

కాలర్ చూసి సారు తల ఊపాడు. “గిప్పుడు షర్టయింది,” అన్నాడు.

పందెం చూడ్డానికి ఆపా, నేనూ భద్రాచలం వెళ్లాం. పూలి గీత మీద నిలబడి నా వైపు చూసింది. కాలర్ కచ్చా కుట్టు దారం కొస పట్టి ఒక్క లాగు లాగింది. చేతికొచ్చిన కాలర్‌ను నా మీదికి విసిరింది. సారు కుర్చీలోంచి లేచేలోపే విజిల్ పడింది. పూలి రెండు చేతులూ ఊపుకుంటూ పరుగెత్తి రెండోది అయింది. ఒక్క కుట్టూ తెగలేదు.

సారు మా దగ్గరికి వచ్చి, ఇదేం పని అని గద్దించాడు. ఆపా నా చేతిలోని కాలర్ తీసుకుని, దుమ్ము దులిపి, ఆయన ముందుకు చాపింది.

“మీరే ఉంచుకోండి సార్. పొద్దున హోటల్‌కు పొయ్యేటప్పుడు మీ బనియన్‌కు పెట్టుకుందురు.”

సారు తీసుకోలేదు.