కలవకముందు ప్రాణహిత

మా మేనత్త చనిపోయిన వార్త నాకు ప్రాణహిత అవతలి ఒడ్డు నుంచి వచ్చింది. బెల్లంపల్లిలో పక్కింటివాళ్లు అత్త ఫోన్ తీసి, అందులో అన్నిటికన్నా పైనున్న నంబరుకు చేశారట. అది మహారాష్ట్ర వైపు పల్లెలో ఉండే ఒకావిడది. ఆమే నాకు చేసి, "తాయి పోయిందమ్మా. జల్ది రా," అంది. తాయి అంటే మరాఠీలో అక్క. నేను మంథని నుంచి బస్సులు మారి వెళ్లేసరికి ఆమె అప్పటికే అత్త తల దగ్గర కూర్చుని ఉంది. ఏడుపు కన్నా ముందు నాకు కుళ్లు వచ్చింది.

మీలో చాలామంది కాళేశ్వరం చూసే ఉంటారు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది అక్కడే. మేమూ తరచూ వెళ్లి స్నానాలు చేసి, ఫోటోలు దిగి వస్తాం. అత్తను రమ్మంటే వచ్చేది కాదు. "కలిసేకాడికి అందరు పోతరు. కలువకముందు గా నది ఎట్లుంటదో ఎవలన్న సూస్తరా?" అనేది.

ఆమెకు ఆ నది దారి బస్సులో నిద్రపోవడం వల్ల దొరికింది. మామయ్య పోయిన కొత్తలో ఏదో పెళ్లికి బయల్దేరి, దిగాల్సిన చోట దిగక, ప్రాణహిత ఒడ్డునున్న చివరి స్టాపు దాకా పోయింది. ఆ రోజుకు తిరుగు బస్సు లేదు. నది దాటడానికి పడవ కోసం నిలబడ్డ ఆవిడే, అదే నాకు ఫోన్ చేసినావిడ, అత్తను తన ఇంటికి తీసుకుపోయింది. పెళ్లివాళ్లు ఇంకా అలక మానలేదు. అత్త మాత్రం ప్రతి చలికాలం శాలువా కప్పుకుని, సంచి నిండా ఖారీ బిస్కెట్లతో అక్కడికే పోయేది. మా ఇంట్లో మర్నాటికే "ఇగ పోత" అని చెప్పులు వెతుక్కునే మనిషి అక్కడ నెల ఉండేది. ఏముందత్తా అక్కడ అంటే, "ఏం లేదు. గందుకే పోత," అనేది. ఆ జవాబుకు నాకు ఒళ్లు మండేది. మాకూ గోదావరి ఉంది. కానీ ప్రాణహిత నీళ్లు మా మంథనికి రావు, మాకు దిగువన కలుస్తాయి.

మరీ సతాయిస్తే ఒకసారి వెంట తీసుకెళ్లింది. నిజంగానే ఏమీ లేదు. వెడల్పాటి ఇసుక, పలచటి నీళ్లు, రెండు వైపులా అడవి, ఒక పడవ. మాట సగం తెలుగు, సగం మరాఠీ. అందరూ అత్తను తాయి అన్నారు. నన్ను పావ్ణి అన్నారు, అంటే చుట్టం. అత్త ఎవరినీ అడగకుండా పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తట్టింది. నాకు మాత్రం ఆవిడ మంచం వాల్చి, లేవనివ్వలేదు. ఆ మర్యాద నాకు చేదుగా అనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఒడ్డు దాకా వచ్చి "యా" అంది. యా అంటే రా అని అత్తే నేర్పింది. ఏదో మర్చిపోయానేమోనని పడవ దగ్గర్నుంచి ఇసుకలో పడుతూ లేస్తూ వెనక్కి నడిచాను. పడవలో అందరూ నవ్వారు.

"గది పొమ్మనుడే పిల్లా," అంది అత్త. "పో అంటె బాగుండదని రా అంటరు. మనం పోయొస్త అంటం గద."

"పోయేటోళ్లందరికి అంటరా?" అన్నాను.

"మల్ల రావాలనుకున్నోళ్లకు అంటరు," అంది. ఆమె చూపు నామీద లేదు, ఒడ్డుమీద ఉంది.

ఆ నదిని చూపించినందుకు అత్తను రోజూ తలుచుకుంటాను. సగమే చూపించినందుకు కోపం ఇంకా పోలేదు.

దినాలు అయ్యాక అత్త శాలువా కప్పుకుని, ఖారీ బిస్కెట్లు పట్టుకుని నేనే వెళ్లాను. ఆవిడ నన్ను చూడగానే మళ్లీ మంచం వాల్చింది. ఇద్దరం అత్త గురించి మాట్లాడుకున్నాం. ఆమెకు తెలిసిన అత్త నాకు చాలావరకు తెలియదు. బయల్దేరితే ఒడ్డు దాకా వచ్చింది. నా భుజం మీది శాలువాను సవరించి, దాన్నే చూస్తూ, "యా," అంది.

ఆ మాట నాకు కాదని తెలుసు. దాని అర్థమూ తెలుసు. పడవలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాను. పడవవాడు పిలుస్తూనే ఉన్నాడు. నేను ఇసుకలో వాళ్ల పొయ్యి వైపు నడిచాను.